ఆడుకొని వచ్చిన బిడ్డ ఏం నేర్చుకొని వచ్చినట్టు?

అంగన్‌వాడీ పూర్వ ప్రాథమిక విద్య: తల్లిదండ్రుల కోసం ఒక పాఠం
రామారెడ్డి మండలం, కామారెడ్డి జిల్లా

ఈ పాఠం ఎవరి కోసం?

మీ ఇంట్లో 3 ఏండ్ల నుంచి 6 ఏండ్ల లోపు బిడ్డ ఉంటే ఇది మీ కోసమే. రామారెడ్డి, ఇసన్నపల్లి, రెడ్డిపేట, పోసానిపేట, ఉప్పల్‌వాయి ఏ ఊరైనా సరే, తండా అయినా సరే. చదవడం రాని అమ్మమ్మకో నాయనమ్మకో ఎవరైనా చదివి వినిపించండి. పగలంతా బిడ్డను చూసుకునేది చాలా ఇండ్లలో వాళ్లే.

అంగన్‌వాడీ గురించి తల్లిదండ్రుల నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది. "అక్కడ చదువేం చెప్తరు సార్, ఆడుకొని తిని వస్తరు. పక్కింటి పోరడు ఎల్‌కేజీకి పోయి ఏబీసీడీలు రాస్తుండు." ఆ మాటలో బిడ్డ వెనకబడిపోతుందేమోనన్న భయం ఉంది. అది న్యాయమైన భయమే. అందుకని అప్పో సప్పో చేసి, 3 ఏండ్ల బిడ్డను పొద్దున్నే వ్యాను ఎక్కించి కామారెడ్డికి పంపే ఇండ్లు ఉన్నాయి. అలా పంపే ముందు, చిన్నపిల్లల చదువులో ఉన్న రెండు పద్ధతులు ఏమిటో, వాటికి తేడా ఏమిటో తెలుసుకోండి. తెలుసుకున్నాక నిర్ణయం మీదే.

1. రెండు పద్ధతులు

మనకందరికీ తెలిసిన బడి ఒకటి. పిల్లలు వరుసల్లో కూర్చుంటారు. టీచర్ ముందు నిలబడి చెప్తారు, పిల్లలు వింటారు, రాస్తారు, బట్టీ పట్టి అప్పజెప్తారు. ఈ రోజు ఏ పాఠమో, ఎంతసేపో, ఎవరు ఎప్పుడు మాట్లాడాలో అన్నీ పెద్దలే నిర్ణయిస్తారు. దీన్ని సంప్రదాయ పద్ధతి అనుకుందాం.

రెండోదాంట్లో బిడ్డ ముందు నడుస్తుంది, టీచర్ వెనక నడుస్తుంది. గదిలో రకరకాల వస్తువులు, మూలలు సిద్ధంగా ఉంటాయి. ఏది పట్టుకోవాలో బిడ్డే ఎంచుకుంటుంది. చేత్తో ముట్టి, పడేసి, మళ్లీ పేర్చి నేర్చుకుంటుంది. టీచర్ గమనిస్తూ, సరైన సమయంలో ఒక ప్రశ్న వేస్తుంది, ఒక కొత్త మాట అందిస్తుంది. దీన్ని బిడ్డ కేంద్రంగా సాగే చదువు అంటారు. అంగన్‌వాడీలకు ఇచ్చిన పాఠ్యప్రణాళిక ఈ దారిలోనే ఉంది.

తేడాలు ఒక్కొక్కటిగా:

కూర్చునే తీరు: సంప్రదాయ పద్ధతిలో అందరూ ఒకే వైపు ముఖం పెట్టి బెంచీల మీద కూర్చుంటారు. రెండో పద్ధతిలో గుండ్రంగానో గుంపులుగానో కూర్చుంటారు. లేచి తిరగడం తప్పు కాదు.

పనిముట్టు: అక్కడ పుస్తకం, పెన్సిల్. ఇక్కడ దిమ్మెలు, పూసలు, గింజలు, ఇసుక, రంగులు, బొమ్మలు, కథలు. పుస్తకమూ ఉంటుంది, అయితే బొమ్మలు చూసి మాట్లాడుకోవడానికి.

వేగం: అక్కడ క్లాసు మొత్తానికీ ఒకే వేగం. ఇక్కడ ఒక బిడ్డ వారంలో నేర్చింది ఇంకో బిడ్డ నెలలో నేర్వొచ్చు.

తప్పు: అక్కడ తప్పుకు ఎర్ర గీత, కొన్నిచోట్ల దెబ్బ కూడా. ఇక్కడ తప్పు కూడా పాఠంలో భాగమే. పేర్చిన దిమ్మెలు పడిపోతే ఎందుకు పడిపోయాయో బిడ్డ తనే చూసుకుంటుంది.

పరీక్ష: అక్కడ మార్కులు, ర్యాంకులు. ఇక్కడ పాస్, ఫెయిల్ లేవు. బిడ్డ ఏం చేయగలుగుతుందో టీచర్ రోజూ గమనించి రాసుకుంటుంది.

భాష: అక్కడ మొదటి రోజు నుంచే కొత్త భాష. ఇక్కడ ఇంట్లో మాట్లాడే భాషతోనే మొదలు.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. బిడ్డ ఇష్టానికి వదిలేయడం, పట్టించుకోకపోవడం ఒకటి కాదు. పిల్లలను గదిలో వదిలేసి టీచర్ రిజిస్టర్లు రాసుకుంటూ కూర్చుంటే అది ఏ పద్ధతీ కాదు. ఈ పద్ధతిలో టీచర్ పని తగ్గదు, పెరుగుతుంది.

2. ఇది పెద్దింటి పిల్లల కోసం పుట్టింది కాదు

"ఆటలతో చదువు" అంటే పట్నంలో ఖరీదైన బళ్ల సంగతి అని చాలామంది అనుకుంటారు. మాంటిస్సోరి అన్న బోర్డు కనిపిస్తే ఫీజు ఎక్కువని అర్థం. కానీ దాని పుట్టుక వేరు.

మరియా మాంటిస్సోరి ఇటలీకి చెందిన డాక్టరమ్మ. 1907 జనవరి 6న రోమ్ నగరంలో శాన్ లొరెంజో అనే బీదల పేటలో ఆమె మొదటి బాలల గృహం తెరిచారు. తల్లీ తండ్రీ ఇద్దరూ కూలికి పోతే, పగలంతా ఇండ్ల దగ్గర ఆలనా పాలనా లేకుండా తిరిగే పిల్లలు అక్కడికి వచ్చారు. వాళ్ల చేతికి పని ఇచ్చి, ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చి ఆమె గమనించారు. తమకు నచ్చిన పనిలో చిన్నపిల్లలు ఎంతో ఏకాగ్రతతో ఉండగలరని అక్కడ తెలిసింది. ఆమె 1939లో మన దేశానికి వచ్చి మద్రాసు అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధ కాలమంతా ఇక్కడే ఉన్నారు.

ఆమె రాకముందే గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా అనే వకీలు తన వృత్తి వదిలి, 1920లో చిన్నపిల్లల కోసం బాలమందిరం నడిపారు. కథలు, ఆటలు, పాటలు, తోటపని ఆయన పాఠాలు. ఆయన రాసిన దివాస్వప్న తెలుగులోకి కూడా వచ్చింది. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ ఈ చదువును పల్లెకు తీసుకుపోయారు. 1945లో మహారాష్ట్ర సముద్రతీరంలోని బోర్డీ ఊళ్లో ఆమె పని మొదలుపెట్టారు. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ల వాకిట్లోకి పోవాలన్నది ఆమె ఆలోచన. ఖరీదైన వస్తువుల బదులు గవ్వలు, గింజలు, ఆకులు, రాళ్లు వాడారు. ఆంగన్ అంటే వాకిలి. అంగన్‌వాడీ అన్న పేరులో ఉన్నది ఆ వాకిలే.

1975 అక్టోబర్ 2న కేంద్ర ప్రభుత్వం ఐసీడీఎస్ పథకాన్ని 33 బ్లాకుల్లో మొదలుపెట్టింది. అందులో ఆరు సేవలు: అదనపు పోషకాహారం, పూర్వ ప్రాథమిక విద్య, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, పోషణ–ఆరోగ్య బోధన. అంటే చదువు మొదటి రోజు నుంచీ ఉంది. మనకు గుడ్డు, బాలామృతం గుర్తున్నాయి గానీ చదువు గుర్తు లేకుండా పోయింది.

2020 జాతీయ విద్యా విధానం దీన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. 3 నుంచి 8 ఏండ్ల వరకు ఒకే పునాది దశ అని చెప్పింది: అంగన్‌వాడీ లేదా పూర్వ ప్రాథమికంలో 3 ఏండ్లు, ఆ తర్వాత 1, 2 తరగతులు. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా 6 ఏండ్ల లోపే జరుగుతుందని అదే పత్రం చెప్తుంది. 2023 మే నెలలో "పోషణ్ భీ పఢాయీ భీ" అనే కార్యక్రమం మొదలైంది. పోషణతో పాటు చదువు కూడా అని దాని అర్థం. 2024లో 3 ఏండ్ల లోపు పిల్లలకు నవచేతన, 3 నుంచి 6 ఏండ్ల పిల్లలకు ఆధారశిల అనే ప్రణాళికలు వచ్చాయి. ఆధారశిలలో వారానికి 5+1 పద్ధతి. ఐదు రోజులు ఆటలు, పనులు, ఆరో రోజు వాటిని గుర్తు చేసుకోవడం. కొన్ని పనులు బిడ్డ ఎంచుకునేవి, కొన్ని టీచర్ నడిపించేవి. కొన్ని గది లోపల, కొన్ని బయట.

3. మూడేండ్ల చేతికి పెన్సిల్ ఎందుకు బరువు?

మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి. ఏండ్లు గడుస్తున్న కొద్దీ ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. మూడేండ్లప్పుడు వాటిలో చాలావరకు ఇంకా మెత్తగానే ఉంటాయి. వేళ్ల కండరాలూ అంతే. అలాంటి చేతితో నాలుగు గీతల పుస్తకంలో పేజీలకు పేజీలు రాయిస్తే బిడ్డకు చేయి నొస్తుంది, చదువంటే విసుగు పుడుతుంది. నోట్‌బుక్ చూసి మనం మురుస్తాం. బిడ్డ మాత్రం అక్షరం అంటే నొప్పి అని నేర్చుకుంటుంది.

రాత పెన్సిల్ కంటే ముందే మొదలవుతుంది. పిండి ముద్ద పిసకడం, పూసలు దారానికి గుచ్చడం, బట్టలకు గుండీలు పెట్టుకోవడం, చింతగింజలు వేళ్లతో ఏరడం, ఇసుకలో వేలితో గీయడం, వాకిట్లో సుద్దతో పెద్ద పెద్ద సున్నాలు గీయడం. ఇవన్నీ రాతకు చేయి సిద్ధం చేసే పనులే. సిద్ధమైన చేయి 5, 6 ఏండ్లప్పుడు అక్షరాన్ని సులువుగా పట్టుకుంటుంది.

చదవడమూ అంతే. అక్షరం గుర్తుపట్టే ముందు శబ్దం గుర్తుపట్టాలి. "పలక, పప్పు, పాప" అన్న మాటల్లో మొదటి శబ్దం ఏదో చెవికి తెలియాలి. కథ విని మళ్లీ చెప్పగలగాలి. మాటలు పుష్కలంగా ఉన్న బిడ్డకు అక్షరాలు త్వరగా అతుకుతాయి.

4. ఆటలో ఉన్న పాఠం

గింజల ఆట: పళ్లెంలో మక్క గింజలు, పెసర్లు, అనుములు కలిపి పెడతారు. బిడ్డ వేరు చేస్తుంది. పోలికలు, తేడాలు చూసి గుంపులు చేయడమే లెక్కలకు పునాది. తర్వాత టీచర్ అడుగుతుంది: "ఏ కుప్ప పెద్దది? ఎట్లా తెలుసు?" బిడ్డ ఆలోచించి కారణం చెప్తుంది.

దిమ్మెల ఆట: పెద్దది కింద, చిన్నది పైన పెట్టకపోతే పడిపోతుందని తెలుసుకుంటుంది. బరువు, పొడవు, వరుస అన్నీ అందులోనే ఉన్నాయి.

బొమ్మరిల్లు: ఒకరు అమ్మ, ఒకరు డాక్టర్, ఒకరు కిరాణా కొట్టు సేటు. ఒకరి మాట వినడం, వంతు కోసం ఆగడం, కొత్త మాటలు వాడడం నేర్చుకుంటారు. ఇల్లు తుడిచే పాత్రకు ఆడపిల్లే, బండి నడిపే పాత్రకు మగపిల్లాడే అని టీచర్ పంచకూడదు.

బయట ఆట: దూకడం, గీత మీద నడవడం, బంతి విసరడం. కాళ్లూ చేతులూ గట్టిపడతాయి. నిలకడ వస్తుంది. ఆరోగ్యంగా ఆకలి పుట్టి భోజనం ఒంటికి పడుతుంది.

మన ఊళ్ల పాత ఆటలు కూడా ఇవే నేర్పాయి. అష్టాచెమ్మాలో లెక్క, వామనగుంటల్లో పంపకం, దాగుడుమూతల్లో ఓపిక. ఊళ్లో ఆడుకునే చోటు తగ్గి, చేతిలో ఫోన్ పెరిగిన ఈ రోజుల్లో అంగన్‌వాడీ ఆ చోటును తిరిగి ఇస్తుంది.

5. మీకు వచ్చే సందేహాలు

ప్రశ్న: ఎల్‌కేజీ పిల్లలకు ఏబీసీడీలు వస్తయి, మా బిడ్డకు రావు. వెనకబడినట్టు కాదా?
జవాబు: నాలుగేండ్లకు ఏబీసీడీలు అప్పజెప్పడం, పదేండ్లకు పాఠం చదివి అర్థం చేసుకోవడం వేరు వేరు. అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రంలో 1960లలో బీద కుటుంబాల పిల్లలు 123 మందితో ఒక పరిశోధన జరిగింది. పెర్రీ ప్రీస్కూల్ అంటారు. కొందరికి మంచి పూర్వ ప్రాథమిక విద్య అందింది, కొందరికి అందలేదు. వాళ్లను 40 ఏండ్ల వయసు దాకా గమనించారు. చిన్నప్పుడు అక్కడ చదివినవాళ్లలో ఎక్కువ మంది హైస్కూలు పూర్తిచేశారు, ఎక్కువ సంపాదించారు. ఆ బడిలో పిల్లలే ఏం చేయాలో అనుకొని, చేసి, చేసింది చెప్పేవాళ్లు. అది చిన్న పరిశోధనే, వేరే దేశానిదే. అయినా చిన్న వయసులో పడ్డ పునాది ఎంత దూరం వస్తుందో చూపించింది.

ప్రశ్న: ఆటలకు అలవాటు పడితే రేపు ఒకటో తరగతిలో కూర్చుంటుందా?
జవాబు: ఇష్టమైన పనిలో మునిగి కూర్చోవడం అలవాటైన బిడ్డ కూర్చుంటుంది. 5 ఏండ్లు దాటిన పిల్లలకు కథ పూర్తిగా వినడం, చెప్పిన పని ముగించడం, అక్షరాలు, అంకెలు కూడా అంగన్‌వాడీ ప్రణాళికలో ఉన్నాయి. 1 నుంచి 5 తరగతులకు మన రాష్ట్రంలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా చదవడం, రాయడం, లెక్కల పునాదుల మీదే నడుస్తుంది.

ప్రశ్న: ఎల్‌కేజీ, యూకేజీ చదవకపోతే ఒకటో తరగతిలో చేర్చుకోరేమో?
జవాబు: చేర్చుకునే ముందు బిడ్డకు పరీక్ష పెట్టడాన్ని, తల్లిదండ్రులను ఇంటర్వ్యూ చేయడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. సర్కారు బడిలో చేరడానికి ఎల్‌కేజీ సర్టిఫికెట్ అవసరం లేదు.

ప్రశ్న: ఇంగ్లీషు ఎట్లా?
జవాబు: ఇంటి భాష గట్టిగా ఉన్న బిడ్డకు రెండో భాష త్వరగా వస్తుంది. తండాల్లో లంబాడీ మాట్లాడే పిల్లలు, ఉర్దూ మాట్లాడే పిల్లలు కూడా తమ భాషలో మాట్లాడే వీలు కేంద్రంలో ఉండాలి. టీచర్‌కు ఆ భాష రాకపోతే వాళ్ల అమ్మనో నానమ్మనో పిలిచి కథ చెప్పించవచ్చు. ఇంగ్లీషు మాటలు, పాటలు ఆటలో భాగంగా వస్తాయి.

ప్రశ్న: మా బిడ్డకు మాట సరిగ్గా రాదు, నడక ఆలస్యం. తీసుకుపోవచ్చా?
జవాబు: తప్పకుండా. వైకల్యం ఉన్న పిల్లల కోసం 2023 నవంబర్‌లో కేంద్ర ప్రభుత్వం అంగన్‌వాడీలకు ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. ఎంత త్వరగా గుర్తిస్తే అంత త్వరగా వైద్యం, సాయం అందుతాయి. దాచిపెట్టకండి.

6. కేంద్రానికి పోతే ఏం చూడాలి?

పథకం కాగితం మీద ఉంటే సరిపోదు, మీ ఊరి కేంద్రంలో జరగాలి. బిడ్డను వదిలేటప్పుడో తీసుకొచ్చేటప్పుడో ఒక పది నిమిషాలు ఉండి ఇవి చూడండి.

• ఆట వస్తువులు పిల్లల చేతికి అందేలా కింద ఉన్నాయా, బీరువాలో తాళం వేసి ఉన్నాయా?
• పిల్లలు ఎక్కువగా మాట్లాడుతున్నారా, టీచర్ ఒక్కరే మాట్లాడుతున్నారా?
• రోజూ కథ, పాట, బయట ఆట ఉంటున్నాయా?
• గోడ మీద పిల్లలు వేసిన బొమ్మలు ఉన్నాయా?
• 3 ఏండ్ల పిల్లలకు, 5 ఏండ్ల పిల్లలకు వేరు వేరు పనులు ఇస్తున్నారా?
• బెదిరించడం, కొట్టడం లేకుండా ఉందా?
• మరుగుదొడ్డి, తాగే నీళ్లు బాగున్నాయా?

లోపం కనిపిస్తే ముందు టీచరమ్మతోనే మాట్లాడండి. ఒక్క టీచర్, ఒక్క ఆయమ్మ మీద బరువులు తీయడం, ఫోన్‌లో వివరాలు ఎక్కించడం, వంట, టీకాల రోజు, ఇంటింటికీ తిరగడం ఇవన్నీ ఉన్నాయి. తల్లులు వంతులవారీగా వారానికి ఒక గంట వచ్చి కథ చెప్పినా, ఖాళీ డబ్బాలు, సీసా మూతలు, పాత గుడ్డ ముక్కలు తెచ్చి ఇచ్చినా ఆ గంటలో చదువు పెరుగుతుంది. "మా పిల్లలకు రాత నేర్పరా" అని అడిగే బదులు "ఈ వారం ఏ కథ చెప్పిండ్రు, ఏ ఆట ఆడిచ్చిండ్రు" అని అడగండి. మీరు అడిగేదాన్ని బట్టే కేంద్రంలో పని సాగుతుంది. తల్లులంతా రాతే కావాలంటే టీచర్ కూడా పలక, బలపం ఇచ్చి కూర్చోబెడుతుంది.

7. ఇంట్లో ఖర్చు లేకుండా చేయగలిగినవి

వంట చేస్తూ: టమాటలు లెక్కపెట్టించండి. పెద్దవి, చిన్నవి వేరు చేయించండి. 

పొలం దగ్గర: "ఈ ఆకు గరుకుగా ఉందా, నున్నగా ఉందా? ఈ పురుగుకు కాళ్లు ఎన్ని?" అని అడగండి. జవాబు మీరే చెప్పేయకండి. కాసేపు ఆగండి.

బీడీలు చుట్టేటప్పుడు: మన మండలంలో చాలామంది అమ్మల చేతులు సాయంత్రం దాకా చాటలోనే ఉంటాయి. నోరు మాత్రం ఖాళీయే. కథ చెప్పండి, బడిలో ఏం జరిగిందో అడగండి. కానీ తంబాకు దుమ్ము చిన్న ఊపిరితిత్తులకు చెరుపు. బిడ్డను చాటకు దూరంగా, గాలి ఆడే చోట కూర్చోబెట్టండి. ఆకు కత్తిరించే పని, కట్టలు కట్టే పని చెప్పకండి.

నాన్న గల్ఫ్‌లో ఉంటే: వీడియో కాల్‌లో "బాగున్నవా, తిన్నవా" దగ్గర ఆగకండి. బిడ్డ వేసిన బొమ్మ చూపించమనండి. నాన్న కూడా రోజుకొక చిన్న కథ చెప్పొచ్చు.

ఫోన్ సంగతి: అన్నం తినిపించడానికి ఫోన్ ఇవ్వకండి. ఫోన్‌లో పాట వింటే బిడ్డ చూస్తుంది. మీరు పాడితే బిడ్డ మీతో పాడుతుంది.

8. నమోదు, హక్కులు, ఎవరిని అడగాలి?

• 3 నుంచి 6 ఏండ్ల లోపు పిల్లలందరూ అర్హులే. కులం, ఆదాయం అడ్డు కాదు. ఫీజు లేదు.
• దగ్గర్లోని అంగన్‌వాడీ కేంద్రానికి బిడ్డను తీసుకుపోయి పేరు రాయించండి. జనన ధ్రువపత్రం, తల్లి ఆధార్, టీకాల కార్డు వెంట ఉంచుకోండి. బిడ్డకు ఆధార్ ఇంకా రాలేదని ఆగకండి, తల్లి ఆధార్‌తో నమోదు చేయవచ్చు.
• కేంద్రంలో వేడి భోజనం, గుడ్డు, చిరుతిండి అందుతాయి. 6 ఏండ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఆహారం 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ఇచ్చిన హక్కు. ఎవరి దయా కాదు.
• 7 నెలల నుంచి 3 ఏండ్ల లోపు బిడ్డ ఉంటే బాలామృతం ఇస్తారు. గర్భిణులు, బాలింతలకు ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట సంపూర్ణ భోజనం ఉంటుంది.
• బరువు, ఎత్తు క్రమం తప్పకుండా చూస్తారు. మీ బిడ్డ బరువు ఎంత ఉందో అడిగి తెలుసుకోండి.
• కేంద్రం తెరవకపోయినా, సేవలు సరిగ్గా అందకపోయినా ముందు సూపర్‌వైజర్‌కు, తర్వాత సీడీపీఓకు చెప్పండి. అక్కడ పని కాకపోతే కామారెడ్డి కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో దరఖాస్తు ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

చివరగా ఒక పని

బిడ్డ ఇంటికి రాగానే "ఇయ్యాల ఏం రాసినవ్?" అని అడగడం మనకు అలవాటు. రేపటి నుంచి "ఇయ్యాల ఏం ఆడినవ్? ఎవరితోని? అది ఎట్లా చేసినవ్?" అని అడిగి చూడండి. మొదటి రోజు "ఏం లేదు" అంటుంది. నాలుగో రోజు ఒక మాట చెప్తుంది. నెల తిరిగేసరికి ఆపమన్నా ఆపదు. బిడ్డ ఏం నేర్చుకొని వచ్చిందో ఆ మాటల్లోనే మీకు తెలుస్తుంది.

ఈ పీడీఎఫ్‌ను మీ మహిళా సంఘం గ్రూపులో పంపండి. ఫోన్ లేని ఇంట్లో చదివి వినిపించండి.